సెలవు లేని చిరునామా

సెలవు తీసుకోవడం ఒక హక్కు. సెలవులో ఉన్నానని అవతలివాళ్ళకి తెలియజేయగలగడం ఇంకో హక్కు. మొదటి దానికోసం ఆడవాళ్ళు చాలా పోరాడారు, కొంత సాధించుకున్నారు. రెండోదాని గురించి మనం మాట్లాడుకోలేదు. అది కంప్యూటర్ వాళ్ళు చూసుకునే చిన్న సంగతనీ, ఒక మీట నొక్కితే అయిపోతుందనీ అనుకున్నాం. ఆ మీట ఎవరి చేతిలో ఉంది, ఎవరి పేరుమీద నొక్కడానికి వీలవుతుంది, ఎవరి విషయంలో అసలు కుదరదు అని అడగలేదు. నేను అడుగుతున్నాను. ఎందుకంటే ఆ మీటలు నొక్కడమే నా ఉద్యోగం.

నారాయణగూడలో ఒక మధ్యరకం కంపెనీలో మెయిల్ సర్వర్ చూసుకునే పని నాది. కొత్తగా చేరినవాళ్ళకి ఐడి ఇవ్వడం, మానేసినవాళ్ళది తీసేయడం, ఏ గ్రూపులో ఎవరుండాలో చూడటం. ఏళ్ళ తరబడి ఇదే చేస్తున్నాను. సాహిత్య పత్రికలో ఈ సర్వర్ గొడవేమిటని కొందరికి అన్పించొచ్చు. వంటింటి గురించి, బహిష్టు గురించి, గర్భసంచి గురించి స్త్రీలు రాయడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇదేం సాహిత్యమనే అన్నారు. స్త్రీల శ్రమ ఎక్కడెక్కడ కనపడకుండా పోతుందో అక్కడికల్లా మన చూపు వెళ్ళాలి. ఇవాళ అది మాయమవుతున్న చోట్లలో సర్వర్ ఒకటి.

విషయం సులువుగా చెప్తాను. మీకు మీ పేరుతో ఒక మెయిల్ ఐడి ఉందనుకోండి. సెలవు మీద వెళ్ళేటప్పుడు అందులో ఆటోమేటిక్ రిప్లై పెట్టుకోవచ్చు. ఫలానా తేదీ నించి ఫలానా తేదీ దాకా నేను ఆఫీసులో ఉండను, అత్యవసరమైతే ఫలానా వారిని అడగండి అని రాసిపెడితే, మీకు మెయిల్ రాసినవాళ్ళకి సర్వర్ మీ తరఫున ఆ జవాబు పంపుతుంది. ఆఫీసులోని వాళ్ళకి ఒక మాట, బయటివాళ్ళకి ఇంకో మాట కూడా పెట్టుకోవచ్చు. మీరు లేరన్న సంగతి మర్యాదగా, మీరేమీ చెయ్యకుండానే, లోకానికి తెలుస్తుంది.

ఇంకో రకం ఐడిలుంటాయి. వాటిలో మనిషి పేరుండదు. ఎంక్వైరీ, అకౌంట్స్, అడ్మిషన్స్, సపోర్ట్, ఇన్ఫో. వీటిని గ్రూపు ఐడిలంటాం. చాలా ఆఫీసులు వాడే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లో డిస్ట్రిబ్యూషన్ గ్రూప్ అనేదానికి సొంత మెయిల్ బాక్సే ఉండదు. అది కేవలం పేర్ల జాబితా. దానికి వచ్చిన మెయిల్‌ని జాబితాలో ఉన్నవాళ్ళందరి బాక్సుల్లోకి తోసేస్తుంది. బాక్సే లేనిదానికి ఆటోమేటిక్ రిప్లై ఎక్కడ పెడతాం? అంటే ఆ చిరునామాకి సెలవనేదే లేదు.

పోనీ, జాబితాలో ఉన్న మనిషి తన సొంత ఐడిలో పెట్టుకున్న జవాబైనా బయటికి వెళ్తుందా? దానికీ ఒక సెట్టింగ్ ఉంది. గ్రూపుకి రాసిన మనిషికి సభ్యుల "ఆఫీసులో లేను" జవాబులు పంపాలా వద్దా అని. ఎక్స్ఛేంజ్‌లో గ్రూపు తయారుచేసినప్పుడు అది మొదటినించీ "వద్దు" అనే ఉంటుంది. నాలాంటివాళ్ళెవరో పనిగట్టుకుని "పంపు" అని మారిస్తే తప్ప ఆ జవాబు గడప దాటదు. ఆమె లేదు. లేనని ఆమె చెప్పింది కూడా. ఆ మాటని సర్వర్ తనలోనే మింగేస్తుంది. మెయిల్ రాసిన మనిషి మాత్రం, ఆమె కావాలనే జవాబివ్వడం లేదనుకుని కోపం పెంచుకుంటూ ఉంటాడు.

ఇది ఆడవాళ్ళ మీద ఎవరో పన్నిన కుట్ర అని నేననడం లేదు. ఇంజనీర్ల కారణాలు ఇంజనీర్లకున్నాయి. వందమంది ఉన్న గ్రూపుకి ఒక మెయిల్ రాస్తే, సెలవులో ఉన్న పదిమంది జవాబులూ వచ్చి మీదపడతాయి. ఒక యంత్రం పంపిన జవాబుకి ఇంకో యంత్రం జవాబు చెప్పి, దానికి ఇది మళ్ళీ చెప్పి, ఎడతెగకుండా తిరిగే ప్రమాదమూ ఉంది. అందుకే 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ పత్రం, ఇలాంటి జవాబులు ఎప్పుడు పంపొచ్చు, ఎప్పుడు పంపకూడదు అని పద్ధతులు చెప్పింది. ఒకే మనిషికి మళ్ళీ మళ్ళీ పంపొద్దంది. సబబే. కానీ వందమంది ఉన్న జాబితా కోసం ఆలోచించిన జాగ్రత్త, ఒక్క మనిషి పనిచేసే జాబితాకి ఎందుకు వర్తించాలి?

అసలు సంగతి అక్కడే ఉంది. పేరుకే గ్రూపు. లోపల జవాబిచ్చేది ఒక్కతే.

మా ఆఫీసు జాబితాలు నాకు కంఠతా వచ్చు. ప్రతి గ్రూపులోనూ ముగ్గురో నలుగురో ఉంటారు. పైవాళ్ళు "నా దృష్టిలో ఉండాలి" అని తమ పేరు వేయించుకుంటారు. వేయించుకున్న మర్నాడే ఆ మెయిళ్ళన్నీ చదవకుండా ఒక ఫోల్డర్లోకి పోయేలా రూల్ పెట్టించుకుంటారు. ఆ రూల్ పెట్టేదీ నేనే. మిగిలేది ఒక్కరు. ఆ ఒక్కరూ దాదాపు ప్రతిసారీ ఆడమనిషే. కస్టమర్‌తో నెమ్మదిగా మాట్లాడుతుందని, తిట్టినా పడుతుందని, సాయంత్రం వెళ్తూ వెళ్తూ కూడా ఒకసారి చూసుకుంటుందని ఆమెని అక్కడ కూర్చోబెడతారు. పని పెంచే అధికారం ఉన్నవాడికి పేరుతో ఐడి, పని చేసే ఆమెకి గ్రూపు ఐడి.

చిక్కడపల్లి నించి అశోక్ నగర్ దాకా ఒకసారి నడిచి చూడండి. కోచింగ్ సెంటర్లు, డయాగ్నస్టిక్ ల్యాబులు, ఆడిటర్ల ఆఫీసులు, పుస్తకాల దుకాణాలు, హాస్టళ్ళు. బోర్డు మీద పెద్దక్షరాల్లో యజమాని పేరు, డిగ్రీలు. కిందన చిన్నక్షరాల్లో ఎంక్వైరీ ఐడి, ఫోన్ నెంబరు. యజమాని భోజనానికి వెళ్తే తలుపుకి "విరామం 1 నించి 4" అని అట్ట వేలాడుతుంది. ఎంక్వైరీ ఐడికి అట్ట వేలాడదు.

ఇదే నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే మాడపాటి హనుమంతరావు పాఠశాల 1928లో మొదలైంది. 1954లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల వచ్చింది. బడి రిజిస్టరులో ఆడపిల్ల పేరు సొంతంగా రాయించడానికి ఎంతమంది ఎంత కష్టపడ్డారో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ రిజిస్టర్లలో పేరెక్కి, హాజరు పలికి, డిగ్రీ పట్టా మీద అచ్చయిన పేరుతో బయటికొచ్చిన అమ్మాయి, రెండు వీధుల అవతల ఉద్యోగంలో చేరగానే "ఎంక్వైరీ" అయిపోతుంది. బడిలో ఆమె రాకపోతే గైర్హాజరు అని రాసేవాళ్ళు. ఇప్పుడు గైర్హాజరు కావడానికి కూడా ఆమెకి పేరు లేదు.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులు ఇది కంపెనీల గొడవని ఊరుకోవద్దు. సెమినార్ కరపత్రం మీద కన్వీనర్ పేరు ఎవరిది? కింద ఉన్న డిపార్ట్‌మెంట్ ఐడి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? పత్ర సమర్పణకి గడువు పెంచమని, బస ఎక్కడని, సర్టిఫికెట్ రాలేదని వచ్చే మెయిళ్ళకి అర్ధరాత్రి జవాబులిచ్చే కాంట్రాక్టు లెక్చరర్ ఎవరు? కన్వీనర్ గారు విదేశీ సదస్సుకి వెళ్తే ఆయన ఐడి నించి చక్కటి ఇంగ్లీషులో సెలవు జవాబు వస్తుంది. ఆ లెక్చరర్‌కి జ్వరమొస్తే ఏమీ రాదు.

ఇలా "నేను లేను" అని జవాబు పంపే తొలినాటి యూనిక్స్ ప్రోగ్రాం పేరు వెకేషన్. ఎరిక్ ఆల్మన్ రాశాడు. పేరు చూస్తే చాలు, ఆఫీసుకి రాని మనిషిని ఎలా ఊహించుకున్నారో తెలుస్తుంది. విహారానికి వెళ్ళిన మనిషి. తేదీలు ముందే తెలిసిన మనిషి. బల్ల సర్దుకుని, జవాబు రాసిపెట్టుకుని, తీరిగ్గా బయల్దేరే మనిషి. మన ఆడవాళ్ళు ఆఫీసుకి రాకపోయేది ఎక్కువసార్లు అలా కాదు. పిల్లకి తెల్లవారుజామున నూటమూడు జ్వరం, అత్తగారు బాత్రూంలో జారిపడటం, ఐదో నెలలో రక్తం కనపడటం. ఇంటి తాళం ఎక్కడ పెట్టిందో గుర్తులేని స్థితిలో ఆటో ఎక్కుతుంది. ఆమె చేత్తో ఆమే పెట్టుకోవాలనే జవాబు ఆమెకెందుకు పనికొస్తుంది?

మా ఆఫీసులో అకౌంట్స్ గ్రూపు చూసే ఒకామెకి కాన్పు సెలవు మంజూరైంది. కాగితం మీద అంతా సక్రమమే. వెళ్ళేముందు నన్నడిగింది, గ్రూపుకి ఒక జవాబు పెట్టండి మేడం, నేను లేనని బిల్లుల వాళ్ళకి తెలియాలి అని. నేను మూడు మార్గాలు రాసి పైకి పంపాను. గ్రూపుని షేర్డ్ మెయిల్ బాక్స్‌గా మారుద్దాం, దానికి సొంత బాక్సు ఉంటుంది కనక జవాబు పెట్టొచ్చు. లేదా సభ్యుల జవాబులు బయటికి వెళ్ళేలా సెట్టింగ్ మారుద్దాం. లేదా ఇంకొకరి పేరు ఆ జాబితాలో వేద్దాం. మూడింటికీ ఒకటే జవాబొచ్చింది. "కస్టమర్లకి మన ఇంటి విషయాలెందుకమ్మా? రెండు మూడు నెలలు ఎలాగో నడిచిపోతుంది."

ఎలాగో నడిచింది. ఎలాగంటే, ఆమె నడిపింది. ఉత్తరాల్లో ఏముందో నేను చూడను, చూడకూడదు. కానీ ఏ ఐడి నించి ఏ వేళకి మెయిల్ వెళ్ళిందో సర్వర్ లాగ్‌లో ఉంటుంది. సిజేరియన్ అయిన నాలుగో రోజు నించి ఆమె ఐడి నించి మెయిళ్ళు వెళ్ళాయి. రాత్రి రెండింటికి, తెల్లవారుజామున నాలుగున్నరకి. అవి ఏ వేళలో పిల్లలున్న ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక చేత్తో బిడ్డకి పాలిస్తూ ఇంకో చేత్తో ఫోన్‌లో బిల్లు నెంబర్లు కొట్టింది.

నేనీ సంగతి అడిగితే ఆఫీసువాళ్ళన్న మాట వినండి. "ఆమెకి మేమొక్క మెయిల్ కూడా పెట్టలేదు. కావాలంటే నువ్వే చూసుకో. తన ఇష్టంతో చేసింది. మాకు తెలియదు."

నిజమే. ఆమెకెవరూ మెయిల్ పెట్టలేదు. గ్రూపుకి పెట్టారు. గ్రూపు ఆమెకి పంపింది. ఎవరూ ఆమెని పని చెయ్యమనలేదు. పని మాత్రం ఆమె దగ్గరికే వెళ్ళింది.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 4వ సెక్షన్ ఒక మాట చెప్పింది. కాన్పయిన రోజు నించి ఆరు వారాలపాటు ఏ యజమానీ తెలిసి ఆ స్త్రీని పనిలో పెట్టుకోకూడదు. 2017 సవరణ సెలవుని 12 వారాల నించి 26 వారాలకి పెంచింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆరు వారాల నిషేధం అలాగే ఉంది, "తెలిసి" అనే ఆ మాటతో సహా. ఆ ఒక్క మాట దగ్గరే నా గొడవంతా. తెలిసి చేయిస్తే నేరం. మరి తెలియకుండా ఉండేలా ఏర్పాటు చేసుకుంటే? ఆమె లేదన్న సంగతి బయటికి పోనివ్వని సెట్టింగ్ ఉంచుకుని, మార్చమని రాసిస్తే వద్దని, ఆనక మాకు తెలియదంటే అది తెలియకపోవడం ఎలా అవుతుంది? తెలియకపోవడాన్ని కూడా సర్వర్‌లో సెట్ చేసి పెట్టుకున్నారు.

దీనికి చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది భద్రత. ఆడమనిషి ఊళ్ళో లేదని, ఆస్పత్రిలో ఉందని అందరికీ చాటడం క్షేమమా? కాదు. చాటమని ఎవరన్నారు? ఎందుకు లేదో చెప్పక్కర్లేదు. పేరు కూడా అక్కర్లేదు. "ఈ చిరునామాకి వచ్చే మెయిళ్ళకి ఫలానా తేదీ దాకా జవాబు ఆలస్యమవుతుంది, తొందరైతే ఈ నెంబరుకి చెయ్యండి" అంటే చాలు. ఆమె ఆంతరంగికత గురించి అంత బెంగ ఉన్నవాళ్ళు, ఆస్పత్రి మంచం మీదకి బిల్లులు పంపేటప్పుడు ఆ బెంగ ఎక్కడ దాచారు?

రెండోది, కంపెనీ పరువు పోతుందని. జర్మనీలో డైమ్లర్ కంపెనీ పరువేమీ పోలేదే! ఉద్యోగి కోరుకుంటే, సెలవులో వచ్చిన మెయిల్‌ని చెరిపేసి, ఆ సంగతీ బదులుగా ఎవరిని అడగాలో రాసినవాళ్ళకి చెప్పే పద్ధతి 2014 నాటికే అక్కడ పెట్టారు. ఫ్రాన్సులో 2017 నించి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నించి పనివేళల తర్వాత ఆఫీసుతో తెగతెంపులు చేసుకునే హక్కు చట్టంలోకి వచ్చింది. మనదగ్గర సుప్రియా సూలే లోక్‌సభలో ఒక ప్రైవేట్ సభ్యురాలి బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. రేపు అలాంటి చట్టం వచ్చినా, అది పేరుతో ఐడి ఉన్న మనిషిని మాత్రమే ఊహించుకుని రాస్తే గ్రూపు వెనకున్న ఆమెకి ఒరిగేదేమీ లేదు. "మేం ఆమెని పిలవలేదు, గ్రూపుని పిలిచాం" అంటారు.

మూడోది, మన స్త్రీవాద మిత్రులే అనే మాట. యంత్రం జవాబు అంటేనే మోసం కదా, మనిషి మాట్లాడాల్సిన చోట యంత్రాన్ని పెట్టడం కదా అని. దీన్ని నేను కొట్టిపారెయ్యను. అశోక్ నగర్ హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయిలని అడగండి. ఆ ఒక్క పేటలో "గ్రూపు" అంటే మెయిల్ గ్రూపు కాదు, గ్రూప్-1, గ్రూప్-2. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజితో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ పెట్టినదాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్‌లో రాశారు. ఈ రెండేళ్ళలో ఊరి నించి అప్పు తెచ్చుకుని హాస్టల్ ఫీజు కట్టిన అమ్మాయిలు, ఫీజు వాపసు గురించో, క్లాసుల గురించో మెయిల్ రాసినప్పుడల్లా వచ్చే జవాబు తెలుసు నాకు. "మీ సందేశం అందింది. త్వరలో సంప్రదిస్తాం." సంప్రదించరు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ మీద చున్నీ వేసి టిఫిన్‌కి వెళ్ళే అమ్మాయి అంతకంటే నిజాయితీగా చెప్తోంది, నేను ఇప్పుడు లేను, మళ్ళీ వస్తాను అని.

కాబట్టి నేనడిగేది ఏదో ఒక యంత్రపు జవాబు కాదు. "అందింది" అనేది అబద్ధం, ఎవరికీ అందకపోతే. "త్వరలో" అనేది అబద్ధం, తేదీ లేకపోతే. చూసే మనిషి లేనప్పుడు లేదని చెప్పడం, ఎప్పటిదాకా లేదో చెప్పడం, ఈలోగా ఎవరున్నారో చెప్పడం. ఈ మూడూ ఉంటేనే అది జవాబు. కుర్చీలో ఉన్న ఆడదానికి విశ్రాంతి, రాసిన ఆడదానికి నిజం. ఈ రెండూ ఒకటే హక్కుకి రెండు వైపులు.

ఆ హక్కు లేకపోతే ఎంత దాకా పోతుందో చెప్తాను. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టమొచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి అయుండాలి. వేధింపు జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇవ్వలేకపోయిన కారణాలు ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తిచెయ్యాలి. 2023 మే నెలలో ఔరేలియానో ఫెర్నాండెజ్ కేసులో సుప్రీంకోర్టు, కమిటీ సభ్యుల వివరాలు, సంప్రదించే చిరునామాలు తేలిగ్గా కనపడేలా పెట్టమంది.

పెట్టారు. ఏం పెట్టారు? ఒక గ్రూపు ఐడి. ఆ జాబితాలో అధ్యక్షురాలు ఉద్యోగం మానేసి ఏడాదైంది, ఆమె బాక్సు మూతపడింది. ఒకామె కాన్పు సెలవులో ఉంది. బయటినించి వచ్చే సభ్యురాలి పేరు ఆ జాబితాలో ఎప్పుడూ వెయ్యలేదు. మిగిలిన సభ్యుడు ఎవరో మీరే ఊహించుకోండి. పదిసార్లు రాసి, పదిసార్లు చెరిపేసి, పదకొండోసారి ధైర్యం చేసి ఒక అమ్మాయి ఫిర్యాదు పంపుతుంది. ఏ జవాబూ రాదు. వాళ్ళు చూశారేమో, నమ్మలేదేమో, అతనికి చెప్పేశారేమో అని రోజూ చస్తూ బతుకుతుంది. లోపల ఎవరూ లేరని ఆమెకి తెలియదు. తెలిస్తే జిల్లాలో ఉండే స్థానిక కమిటీ గురించి వాకబు చేసేది, షీ-బాక్స్‌లో పెట్టేది, ఎవరో ఒక మనిషిని వెతుక్కునేది. గడువు మాత్రం సెలవు పెట్టదు. ఆరు నెలల తర్వాత యాజమాన్యం అదే మాట అంటుంది. మాకు తెలియదు.

ఈ మాట మనకి కొత్త కాదు. ఇంట్లో రోజూ వింటాం. "చెప్తే చేసేవాణ్ణిగా, నాకేం తెలుసు?" ఇల్లు కూడా ఒక గ్రూపు చిరునామానే. సాక్సు ఎక్కడ, గ్యాస్ ఎప్పుడొస్తుంది, బాబు టీకా తేదీ ఏది, ఊళ్ళో పెళ్ళికి ఎంత చదివించాలి. అడిగేది ఇంటిని, జవాబిచ్చేది ఆమె. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళని మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, రోజుకి స్త్రీలు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు. ఆమె పుట్టింటికి వెళ్ళినా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆమె ఇంట్లో లేదన్న సంగతి ఇంటికి ఎవరూ చెప్పలేదు మరి. ఆఫీసులు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇంట్లో ఉన్న అమరికనే తీసుకెళ్ళి సర్వర్ మీద పెట్టుకున్నాయి.

అందుకని నేను కోరేవి పెద్ద పెద్ద మార్పులు కావు. ఒక్క పూట పని. ఒక్కరే జవాబిచ్చే గ్రూపుని షేర్డ్ మెయిల్ బాక్స్‌గా మార్చాలి, దానికి జవాబు పెట్టే వీలుంటుంది. గూగుల్ గ్రూప్స్ వాడేవాళ్ళకైతే గ్రూపుకే ఆటో రిప్లై పెట్టే ఏర్పాటు అందులోనే ఉంది. కొద్దిమందే ఉన్న జాబితాలో సభ్యుల సెలవు జవాబులు బయటికి వెళ్ళేలా సెట్టింగ్ మార్చాలి. ప్రతి చిరునామాకీ ఇద్దరు మనుషులుండాలి, ఆ రెండో మనిషి నిజంగా జవాబిచ్చే మనిషి కావాలి, ఫోల్డర్లోకి తోసేసే మనిషి కాదు. సెలవులో ఉన్నామె పేరు ఆ రోజుల్లో జాబితాలోంచి తియ్యాలి. ఆస్పత్రికి పరిగెత్తిన ఆమె తరఫున జవాబు అడ్మిన్ పెట్టొచ్చు, అందుకు ఆమె పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. అది ఆమెని అడిగి చేసే సాయంలా కాక ఆఫీసు బాధ్యతగా రాసిపెట్టాలి. అంతర్గత కమిటీ చిరునామాకి వచ్చే జవాబులో సభ్యుల పేర్లు, గడువులు, స్థానిక కమిటీ వివరాలు ఉండాలి. ఎవరు ఉద్యోగం మానినా ఆ రోజే జాబితా సరిచూడాలి.

ఇవన్నీ చెయ్యడానికి ఖర్చు లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. అయినా చెయ్యరు. చేస్తే "మాకు తెలియదు" అనే మాట పోతుంది కనక. ఆ మాట వాళ్ళకి చాలా విలువైంది. దానిమీదే ఇళ్ళూ ఆఫీసులూ నడుస్తున్నాయి.

రేపు మీ కాలేజీకో, ఆఫీసుకో, పత్రికకో వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి. మన గ్రూపు ఐడిలో ఎవరెవరున్నారు, వాళ్ళలో ఎవరు జవాబిస్తున్నారు, ఆమె లేనినాడు ఏమవుతుంది? రాతపూర్వకంగా అడగండి. జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఆ కాగితం చేతిలో ఉన్నాక ఇంక తెలియదనడానికి ఎవరికీ వీలుండదు.